మన నల్లా వెనకున్న మనిషి: నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్

లాడ్ బజార్ గాజుల దుకాణాల వరస దాటి మన బడికి తిరిగే సందు మొదట్లో ఒక సర్కారీ నల్లా ఉండేది. పాత బ్యాచుల వాళ్లకు గుర్తుండే ఉంటుంది. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట నీళ్లొచ్చేవి. మిగతా వేళల్లో దాని ముందు బిందెలే వరసలో నిలబడేవి, మనుషులు ఉండేవాళ్లు కాదు. ఏ బిందె ఎవరిదో అందరికీ తెలుసు. వరస తప్పిస్తే మాత్రం చార్మినార్ దాకా వినిపించేంత గొడవ జరిగేది.

మేం ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మన సోషల్ సారు ఒకరోజు ఆ నల్లాలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో రాసుకురమ్మన్నారు. క్లాసులో సగం మందిమి ట్యాంకీ నుంచి అని రాశాం. ఒకడు మున్సిపాలిటీ నుంచి అని రాశాడు. సారు నవ్వి, నల్లబల్ల మీద ఒక మబ్బు గీశారు. దాని కింద ఒక చెరువు, చెరువు నుంచి ఒక గీత, గీత చివర మన సందు నల్లా. మబ్బుకూ చెరువుకూ మధ్య ఒక పేరు రాశారు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. పరీక్షలో రాదని తెలిసి మేమెవరమూ ఆ పేరు నోట్సులో ఎక్కించుకోలేదు.

సంఘం స్వర్ణోత్సవ సావనీర్‌కు ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు మొదట ఆ బొమ్మే గుర్తొచ్చింది. ఇన్నేళ్లు ప్రజా పనుల పక్కనే ఉద్యోగం చేసినవాణ్ణి. ఆ నోట్సు ఇప్పుడైనా పూర్తి చేద్దామని ఈ నాలుగు మాటలు.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జులై 11న హైదరాబాద్‌లో పుట్టారు. అలీ నవాజ్ జంగ్ అన్నది తర్వాత నిజాం సర్కారు ఇచ్చిన బిరుదు. తండ్రి సర్కారు దఫ్తరులో ఉద్యోగి. చదువు మొదట సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, ఆ తర్వాత మదరసా-ఎ-ఆలియాలో, ఆపైన నిజాం కాలేజీలో. 1896లో, పందొమ్మిదేళ్ల వయసులో, సర్కారు స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్లి కూపర్స్ హిల్‌లోని రాయల్ ఇండియన్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు. భారతదేశంలో రోడ్లు, కాలువలు, వంతెనలు కట్టడానికి ఇంజినీర్లను తయారుచేసేందుకే బ్రిటిష్‌వాళ్లు పెట్టుకున్న కాలేజీ అది. చదువుకుంటున్నవాళ్లలో అత్యధికులు తెల్లవాళ్లు. అక్కడ మంచి పేరు తెచ్చుకుని 1899లో తిరిగొచ్చి నిజాం రాజ్యపు ప్రజా పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరారు.

ఆయన ఇంగ్లండులో నేర్చుకున్న విద్యకూ, ఇక్కడ ఆయనకు దొరికిన నేలకూ చాలా తేడా ఉంది. థేమ్స్ నది ఏడాది పొడవునా పారుతుంది. మన దక్కను నేల అలాంటిది కాదు. వాన పడేది నాలుగు నెలలు. అందులోనూ ముప్పాతిక భాగం కొద్ది రోజుల్లోనే దంచి పోతుంది. కింద రాయి, పైన పలచటి మట్టి. ఆగమంటే తప్ప నీరు ఆగదు. కాకతీయుల కాలం నుంచీ ఇక్కడి పెద్దలు చేసిందల్లా నీటిని ఆపడమే. ఒక చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువులోకి, అది నిండితే ఇంకా కిందికి, ఇలా గొలుసుకట్టుగా. హుస్సేన్‌సాగర్ కుతుబ్‌షాహీల నాటిది. పాతబస్తీకి నీళ్లిచ్చిన మీరాలం చెరువు 1806 నాటికి పూర్తయింది. దాని కట్ట ఎప్పుడైనా చూశారా? 21 కమానులు పక్కకు పడుకోబెట్టినట్టు ఉంటాయి. వాటి ఉబ్బు నీళ్ల వైపు ఉంటుంది. నీళ్లు ఎంత నెడితే రాళ్లు అంత బిగుస్తాయి. జూపార్కుకు వెళ్లిన ప్రతి పిల్లవాడూ పులిని చూసి వస్తాడు గానీ పక్కనే ఉన్న ఆ కట్టను చూడడు. నేనూ అంతే.

అహ్మద్ అలీ ఉద్యోగంలో చేరిన తొమ్మిదేళ్లకు మూసీ వరద వచ్చింది. 1908 సెప్టెంబరు 28. ఆ సంగతి మన ఇళ్లలో నానమ్మలు తుగ్యానీ అని చెప్పేవాళ్లు. నది రెండు ఒడ్ల మీదా మహల్లాలకు మహల్లాలు కొట్టుకుపోయాయి. చనిపోయినవాళ్లు 15 వేలకు పైమాటేనని లెక్క. అఫ్జల్‌గంజ్ దవాఖానా తోటలో ఒక చింతచెట్టు పట్టుకుని నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. ఆ విలయానికి కారణం వాన ఒక్కటే కాదు. మూసీ పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. పైచెరువు తెగి కిందిచెరువు మీద పడితే అదీ తెగి, గొలుసుకట్టు మొత్తం ఒకదాని వెనక ఒకటి నగరం మీదికి వచ్చింది. నీటిని ఆపిన కట్టలే నిర్వహణ లేకపోతే ఏం చేస్తాయో ఆ రాత్రి తెలిసింది. మనకు 2020 అక్టోబరులో పల్లెచెరువు, గుర్రంచెరువు తెగినప్పుడు మళ్లీ తెలిసింది.

వరద తర్వాత ఆరో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. 1909లో ఆయన కొన్ని నెలలు ఇక్కడ ఉండి, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని నివేదిక ఇచ్చారు. ఆ ఏడాది చివర్లోనే మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజినీరుగా వెళ్లిపోయారు. కట్టే పని ఇక్కడివాళ్ల మీద పడింది. ఉస్మాన్‌సాగర్, అంటే మనం గండిపేట అనేది, 1913లో మొదలై 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. క్షేత్రంలో నిలబడి పని నడిపించినవారిలో సి.టి. దలాల్ గారి పేరు తప్పక చెప్పాలి. ఈ కాలంలోనే మన అలీ నవాజ్ జంగ్ మెట్టుమెట్టుగా పైకి వచ్చి, రాజ్యానికి చీఫ్ ఇంజినీరు, ప్రజా పనుల శాఖ కార్యదర్శి అయ్యారు. హిమాయత్‌సాగర్ కట్ట లేచింది ఆయన చేతి కింద.

ఇంజినీర్ల దినం సెప్టెంబరు 15నా, జులై 11నా అని మా ఇంజినీర్ల మధ్య ఒక వాదన నడుస్తూ ఉంటుంది. మొదటిది విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. రెండోది అలీ నవాజ్ జంగ్ గారిది, 2014 నుంచి తెలంగాణ ఇంజినీర్ల దినం. ఈ వాదనలో నాకు ఆసక్తి లేదు. ఒకరు దారి గీశారు, ఒకరు ఆ దారిని రాజ్యమంతా నడిపించారు. కానీ మొదటి పేరు అందరికీ తెలిసి రెండో పేరు మన తరానికి దాదాపు తెలియకుండా పోవడం మాత్రం నాకు నచ్చని సంగతే.

ఈ జంట జలాశయాల్లో ఒక చిక్కు ఉంది. అది తెలిస్తేనే ఆ పని ఎంత కష్టమైనదో అర్థమవుతుంది. వరదను ఆపాలంటే చెరువు ఖాళీగా ఉండాలి. తాగునీరు ఇవ్వాలంటే చెరువు నిండుగా ఉండాలి. ఒకే చెరువు ఈ రెండూ చేయాలి. అందుకని ఎంత ఎత్తు వరకు నిలవ ఉంచాలి, ఆపైన వచ్చిన నీటిని ఎంత నెమ్మదిగా వదలాలి అన్నది లెక్క కట్టి తలుపులు పెట్టారు. ఉస్మాన్‌సాగర్‌కు 15, హిమాయత్‌సాగర్‌కు 17. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. వానాకాలంలో వార్తల్లో ఈ రెండు అంకెలు ప్రతిసారీ వింటాం గదా, వాటి వెనకున్న లెక్క ఇదే. మొదటిదాని సామర్థ్యం 3.9 టీఎంసీలు, రెండోదానిది దాదాపు 3. ఒక్క టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు.

దీంట్లో నాకు అన్నిటికంటే ముచ్చటైనది ఏమిటంటే, ఈ నీళ్లు మోటారు లేకుండా వచ్చాయి. గండిపేట ఎత్తు మీద ఉంది, నగరం పల్లంలో ఉంది. కప్పువేసిన రాతి కాలువలో నీరు తనంతట తానే నడిచి ఆసిఫ్‌నగర్ చేరేది. అక్కడ ఇసుక పొరల్లోంచి వడగట్టి నగరంలోకి వదిలేవాళ్లు. హిమాయత్‌సాగర్ నీళ్లు మీరాలం ఫిల్టర్ల మీదుగా పాతబస్తీకి వచ్చేవి. అంటే మన సందు నల్లాలో పడ్డ నీళ్లు ఎప్పుడో శంషాబాద్, షాబాద్ వైపు చేల మీద కురిసిన వాన. 1908లో ఊరిని ముంచిన ఈసీ నీళ్లే పాతికేళ్లు తిరగకముందే ఇళ్లలో కూజాల్లోకి ఎక్కాయి. కరెంటు ఖర్చు లేదు. ఇప్పుడు కృష్ణా నీళ్లను వంద కిలోమీటర్ల దూరం నుంచి, గోదావరి నీళ్లను అంతకంటే ఎక్కువ దూరం నుంచి మోటార్లతో ఎత్తి తెచ్చుకుంటున్నాం. నెలకు వచ్చే బిల్లు ఎంతో జలమండలి వాళ్లను అడగాలి.

నగరంతో ఆయన పని అయిపోలేదు. నిజానికి ఆయన పేరు ఎక్కువగా నిలిచింది నిజామాబాద్ వైపు. మంజీరా మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. అప్పట్లో దాని సామర్థ్యం 29.7 టీఎంసీలు. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. కరువుతో జొన్న కూడా సరిగా పండని నేలలో వరి, చెరకు వచ్చాయి. చెరకు వచ్చింది కాబట్టే బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. కోస్తా జిల్లాల రైతులు బండ్లు కట్టుకుని వచ్చి కాలువల వెంట పొలాలు కొనుక్కున్నారు. వాళ్ల పల్లెల్ని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. మన బ్యాచులో ఒకతను అలాంటి క్యాంపు నుంచి వచ్చి చార్మినార్ దగ్గర అత్తయ్య ఇంట్లో ఉండి చదువుకున్నాడు. వాడి ఊరి కాలువ నీళ్లకూ మన నల్లా నీళ్లకూ కారణం ఒకే మనిషని మా ఇద్దరికీ అప్పుడు తెలియదు. నిజామాబాద్ దగ్గరి అలీసాగర్‌కు ఆయన పేరే పెట్టారు. పోచారం, పాలేరు, వైరా ఆ కాలంలో కట్టినవే.

ఇదంతా చదివి ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. నిజాంసాగర్ కింద నలభైకి పైగా ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్లవాళ్ల పక్షాన చూస్తే ఈ కథ మరోలా ఉంటుంది. ఇంకొక దెబ్బ పూడిక. ఆ జలాశయానికి నీళ్లు వచ్చే నేల 21 వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంత నేల మీద పడ్డ వాన, నీటితో పాటు మట్టినీ మోసుకొచ్చింది. నలభై ఏళ్లు తిరిగేసరికి నిజాంసాగర్‌లో నీరు నిలిచే చోటు సగం కంటే తక్కువైపోయింది. 1970లలో కట్ట ఎత్తు పెంచి మళ్లీ 17.8 టీఎంసీలకు తెచ్చారు. ఆయన కట్టినది పాతకాలపు డ్యామే గానీ పైన నేల చెట్టు లేకుండా బోడిగా ఉంటే ఎంత గట్టి కట్టకైనా అదే గతి. చెరువు పూడిక తీసి పొలాలకు తోలుకునే అలవాటు పల్లెల్లో ఉండేది. అంత పెద్ద జలాశయానికి అది కుదరని పని.

1929లో బొంబాయి ప్రభుత్వం సింధులోని సుక్కూర్ బ్యారేజీ, కాలువల పనిని పరిశీలించి చెప్పమని విశ్వేశ్వరయ్య గారినీ, అలీ నవాజ్ జంగ్ గారినీ పిలిచింది. మూసీ దగ్గర ఒకరి నివేదికను మరొకరి శాఖ అమలుచేసిన ఈ ఇద్దరూ సింధు నది ఒడ్డున పక్కపక్కన కూర్చుని లెక్కలు చూశారు. పైన చెప్పిన జయంతుల వాదన చేసేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. 1938లో కాంగ్రెస్ ఏర్పాటు చేసిన జాతీయ ప్రణాళికా సంఘానికి నెహ్రూ గారు అధ్యక్షులు. అందులో నదుల అదుపు, నీటిపారుదలపై వేసిన ఉపసంఘానికి అధ్యక్షులుగా ఎంచుకున్నది ఒక సంస్థానపు ఇంజినీరును, మన నవాబునే.

చివరి పెద్ద పని తుంగభద్ర. మద్రాసు ప్రభుత్వానికీ నిజాం ప్రభుత్వానికీ మధ్య నీళ్ల పంచాయితీ ఏళ్ల తరబడి నడిచింది. హైదరాబాద్ తరఫున సాంకేతిక వాదన వినిపించడంలో ఆయన ముందున్నారు. 1944లో ఒప్పందం కుదిరింది. 1945 ఫిబ్రవరి 28న పునాదిరాయి పడింది. రాయి పడినప్పటికి ఆయన వయసు 67. ఆ తర్వాత రజాకార్ల గడబిడ, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య, తను జీవితమంతా కొలువు చేసిన రాజ్యమే లేకుండా పోవడం, ఇవన్నీ చూశారు. 1949 డిసెంబరు 6న కన్నుమూశారు. తుంగభద్రలో నీళ్లు నిలిచింది 1953లో.

ఇక మన కాలానికి వద్దాం. 1996లో ప్రభుత్వం 111 జీవో తెచ్చి, జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, పెద్ద కట్టడాలు, కాలుష్యం చేసే పరిశ్రమలు రాకుండా ఆంక్షలు పెట్టింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసులోనూ ఆ ఆంక్షలకే బలం దొరికింది. 2022 ఏప్రిల్లో 69 జీవోతో ఆ ఆంక్షల్ని సడలించారు. అక్కడి రైతుల బాధ నాకు తెలుసు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ భూమి మాత్రం అలాగే పడి ఉందని వాళ్లు పాతికేళ్లు మొరపెట్టుకున్నారు. కానీ వాన పడ్డ చోటు నుంచి చెరువు దాకా నీళ్లు నడిచి రావాలి గదా. మధ్యలో ప్రహరీ గోడలు లేస్తే కట్ట ఎంత గట్టిగా ఉన్నా లోపల ఉండేది గాలే.

మన లాడ్ బజార్ సంగతి చెప్పి ముగిస్తాను. గట్టి వాన పడితే దుకాణాలవాళ్లు గాజుల డబ్బాలు పై అరకు ఎక్కించి గుమ్మానికి చెక్క అడ్డం పెట్టుకుంటారు. మేడల మీది నీళ్లన్నీ గొట్టాల్లోంచి వీధిలో పడి, వీధి కాలువై, మురుగుతో కలిసి మూసీలోకి పోతాయి. వాన వెలిసిన రెండో రోజు అదే సందులోకి నీళ్ల ట్యాంకరు రాలేక వెనక్కి వెళ్తుంది. చిన్నప్పుడు పాత ఇళ్లలో నడిమింట చేదబావి, మూలన హౌజు ఉండేవి. డాబా మీది వాన కొంతైనా వాటిలోకి దిగేది. బావులు పూడ్చి వాటి మీదే గదులు కట్టుకున్నాం.

మన బడి బావి మాత్రం మిగిలింది. మెట్ల పక్కన ఇనుప జాలీ వేసి ఉండేది, గుర్తుందా? బంతి పడితే తీయడానికి వీల్లేదని పీటీ సారు తిట్టేవారు. తర్వాత చెత్తతో సగం నిండిపోయింది. స్వర్ణోత్సవాలకు వేదిక కట్టడానికి ఆ బావిని పూడ్చేయాలని రెండేళ్ల కిందట సంఘం సమావేశంలో ప్రతిపాదన వచ్చింది. దాదాపు అందరూ ఒప్పుకున్నారు కూడా. నేనూ, రిటైరైన సైన్సు టీచరమ్మా మాత్రం కాదన్నాం. మాటలతో తేలలేదు. టేపు పట్టుకుని కప్పు కొలిచాం. రెండు బిల్డింగుల డాబాలు కలిపి 400 చదరపు మీటర్లు తేలాయి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. అంటే 3,20,000 లీటర్లు. ఆవిరి, కారుడు పోగా రెండున్నర లక్షలు పట్టుకోవచ్చు. 5,000 లీటర్ల ట్యాంకర్లలో చెబితే యాభై. ఆ అంకె విన్నాక బడి హెడ్మాస్టరు గారు వేదికను మైదానం అవతలి మూలకు జరిపించారు.

బావిలోంచి ఎనిమిది ట్రాక్టర్ల చెత్త తీశాం. అందులో మూడు క్రికెట్ బంతులు, ఒక ఇత్తడి చెంబు, ఎవరిదో జామెట్రీ బాక్సు దొరికాయి. పడమటి బిల్డింగు డాబా నుంచి గొట్టం దించి, మధ్యలో కంకర, బొగ్గు, ఇసుక వేసిన తొట్టి కట్టి, దాని గుండా నీళ్లు బావిలోకి వదిలాం. మొదటి వాన నీళ్లు మురికిగా ఉంటాయి కాబట్టి వాటిని బయటికి వదిలేయడానికి ఒక మర పెట్టాం. దాన్ని తిప్పే డ్యూటీ ఏడో తరగతి పిల్లలది. పోయిన వానాకాలంలో బావిలో నీరు తొమ్మిది మెట్ల దాకా వచ్చింది. ఆ నీళ్లు తాగడానికి కాదు, మరుగుదొడ్లకూ మొక్కలకూ వాడుతున్నారు. తూర్పు బిల్డింగు డాబాకు ఇంకా గొట్టం వేయలేదు. దానికి కావలసిన లెక్క సంఘం కోశాధికారి దగ్గర ఉంది.